షోలాపూర్ దారిన వచ్చిన సూది

1942 డిసెంబరు 9న ఉత్తర చైనాలోని ఒక కొండపల్లెలో షోలాపూర్ కుర్రాడొకడు మూర్ఛవ్యాధితో కన్నుమూశాడు. వయసు ముప్పై రెండు. పేరు డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్. సిరిసిల్ల వాళ్లకు షోలాపూర్ పరాయి ఊరేం కాదు. మగ్గం మీద బతికిన కుటుంబాల్లో ఏ మేనమామో, ఏ పెద్దనాయనో బతుకుతెరువుకు ఆ ఊరు చేరినవాళ్లే. ఒకరు చద్దర్ల కార్ఖానాకు పోతే, ఇంకొకరు తువ్వాళ్ల సాంచాల (మరమగ్గాల) మీదికి పోయారు. అక్కడి తూర్పు పేటల్లో నేటికీ తెలుగు మాట్లాడతారు, ఏటా మార్కండేయుడి రథం లాగుతారు. అందుకే జగిత్యాల, కోరుట్ల వైపు ఎక్కడైనా ఆక్యుపంక్చర్ మాట వినబడితే నాకు బీజింగ్ కన్నా ముందు షోలాపూరే మనసులో మెదులుతుంది. ఈ సూదివైద్యం మన దేశానికి వచ్చిన దారిలో ఆ కుర్రాడి పేరుంది.

ముందు పుట్టుక సంగతి. చైనావాళ్లు ఈ విద్యను పసుపు చక్రవర్తికి ముడిపెడతారు. ఆయన పురాణపురుషుడు. చేతికి దొరికిన ఆధారాలు చాలా తర్వాతి కాలానివి. 1973లో చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌దుయి అనేచోట ఒక సమాధి తవ్వారు. అది క్రీ.పూ. 168లో మూసిన సమాధి. అందులో వైద్యగ్రంథాలు దొరికాయి, చాలావరకు పట్టుగుడ్డ మీద రాసినవి. నేతగాళ్ల ఊళ్లలో ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి: ఈ వైద్యానికి దొరికిన తొలి రాతల్లో కొన్నిటిని మోసింది మగ్గం మీద నేసిన బట్టే. వాటిలో శరీరంలోని పదకొండు నాళాల వర్ణన ఉంది, చర్మం మీద ఆకు కాల్చి చేసే చికిత్స ఉంది, సూది మాత్రం లేదు. క్రీ.పూ. 113లో చనిపోయిన లియు షెంగ్ అనే రాకుమారుడి సమాధిలో బంగారు సూదులూ వెండి సూదులూ బయటపడ్డాయి. ఇంచుమించు ఆ కాలంలోనే ‘హువాంగ్‌దీ నైజింగ్’ అనే గ్రంథం రూపు దిద్దుకుంది. చక్రవర్తి అడుగుతుంటే ఛీబో అనే వైద్యుడు జవాబు చెబుతాడు. తొమ్మిది రకాల సూదుల ముచ్చట అందులోనే వస్తుంది. వాటిలో కొన్ని సూదులనే కన్నా చిన్న కత్తులనడమే నిజం. కురుపు కోయడానికీ చెడు నెత్తురు తీయడానికీ వాడేవి అవి.

కాల్చే ఆకు సంగతి వింటే మన ఇళ్లలోవాళ్లు ఆశ్చర్యపోతారు. వినాయకచవితినాడు ఇరవై ఒక్క పత్రుల్లో మొదట సమర్పించే మాచిపత్రికి అది దగ్గరి చుట్టం. ఎండబెట్టి, దంచి, దూదిలా చేసి, చిన్న ముద్దగానో చుట్టగానో కట్టి, నొప్పి ఉన్నచోట వేడి తగిలిస్తారు. చైనా భాషలో ఈ వైద్యం పేరులోనే సూదీ నిప్పూ రెండూ ఉన్నాయి. మన పల్లెల్లో మొన్నమొన్నటిదాకా పసిపిల్లల పొట్ట మీదా, ఎద్దుల మూపు మీదా వాతలు పెట్టేవాళ్లు. సుశ్రుతుడు అగ్నికర్మ గురించి, సిరావేధ గురించి రాశాడు. దీన్ని పట్టుకుని సూదివైద్యం ఇక్కడే పుట్టి అటు పోయిందనేవాళ్లున్నారు. ఆ వాదన నాకు ఒప్పుదల కాదు. సుశ్రుతుడు లెక్కచెప్పిన 107 మర్మాలు కత్తి తగలకుండా కాపాడుకోవలసిన చోట్లు. చైనావాళ్ల బిందువులు కావాలని సూది దించే చోట్లు. రెండూ దేనికవే గొప్పవి.

తర్వాతి శతాబ్దాల సంగతి రెండు మాటల్లో చెప్పుకుందాం. మూడో శతాబ్దంలో హువాంగ్‌ఫు మీ అనే పండితుడు, తనకే వాతరోగం వచ్చి మంచాన పడ్డాక, పాత గ్రంథాలన్నీ కూర్చి సూదివైద్యానికి మొదటి క్రమబద్ధమైన పుస్తకం రాశాడు. ఆపైన సోంగ్ వంశపు కాలంలో, 1027లో, వాంగ్ వెయ్‌యి అనే రాజవైద్యుడు నిలువెత్తు కంచు మనుషులను పోత పోయించాడు. ఒళ్లంతా సన్నని బెజ్జాలు. పరీక్షనాడు పైన మైనం పూసి, లోపల నీళ్లు నింపేవాళ్లు. శిష్యుడు సరైన చోట పొడిస్తే నీళ్లు చిమ్మేవి, తప్పితే సూది దిగేది కాదు. వైద్యవిద్యలో ఇంతకన్నా నిక్కచ్చి పరీక్ష నేను ఎక్కడా చదవలేదు. 1822లో దావోగువాంగ్ చక్రవర్తి రాజవైద్యాలయంలో సూదివైద్యాన్ని నిషేధించాడు. రాజు వద్దన్నా ఊళ్లలో జనం వదల్లేదు.

ఇక సూత్రం. ఒంట్లో ‘చీ’ అనే ప్రాణశక్తి పారుతుంటుందనీ, దానికి పన్నెండు జంట దారులు, ముందూ వెనకా నడుమ మరో రెండు ఉంటాయనీ, ఆ పారుదల ఎక్కడ అడ్డుపడితే అక్కడ రోగమనీ వాళ్ల లెక్క. చలి–వేడి, చీకటి–వెలుగు లాంటి జంటలను యిన్, యాంగ్ అంటారు. మన పంచభూతాల్లో గాలి, ఆకాశం ఉన్నచోట వాళ్లకు కలప, లోహం ఉంటాయి. వైద్యుడు మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి నాడి చూస్తాడు, నాలుక చాపమంటాడు, ఆ తర్వాతే సూది తీస్తాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణికంగా ఖరారు చేసిన బిందువులు 361. వీటిని వెతకడానికి స్కేలు అక్కర్లేదు. రోగి బొటనవేలి వెడల్పు ఒక ‘త్సున్’, నాలుగు వేళ్లు కలిపితే మూడు త్సున్‌లు. అంటే మన బెత్తెడు. మోకాలిచిప్ప కింద బయటివైపు గుంట నుంచి బెత్తెడు కిందికి, ముంగాలి ఎముకకు వేలెడు అవతల పేరుమోసిన బిందువొకటుంది. ఎవరి బెత్తెడు వాళ్ల ఒంటికి కొలత కాబట్టి పొట్టివాళ్లకూ పొడుగువాళ్లకూ లెక్క తప్పదు.

ఇంకో బిందువును కోరుట్లలో బీడీలు చుట్టే ఏ అక్క చేతిమీదైనా చూడొచ్చు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన కత్తిరించిన తునికాకు. ఆకు చుట్టి, మూతి మడిచి, దారం కట్టేటప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కండ ఉబ్బి లేస్తుంది. పొద్దంతా వందలసార్లు అలా లేచి పడే ఆ కండ మధ్యలోనే ‘హగూ’ బిందువు ఉంది. తలనొప్పికి, పంటినొప్పికి అక్కడ సూది దించుతారు. సూది మందం మిల్లీమీటరులో నాలుగో వంతు ఉంటుంది. ఇంజెక్షన్ సూదిలాగా లోపల బోలు ఉండదు, మందు ఎక్కించరు. దిగినచోట చీమ కుట్టినట్టనిపించి, తర్వాత బరువుగా, తిమ్మిరిగా ఉంటుంది. ఆ తిమ్మిరి వస్తేనే చీ అందిందంటారు చైనా వైద్యులు. గర్భిణులకు మాత్రం ఆ చోట సూది వేయకూడదన్నది వాళ్ల పాత కట్టుబాటు.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న కథకు వస్తాను.

1937లో జపాన్ చైనా మీద పడింది. ఎర్రసేన సేనాని ఝూ ద, నెహ్రూకు ఉత్తరం రాశాడు: డాక్టర్లను పంపండి, మందులు పంపండి. మన దేశానికే అప్పుడు స్వాతంత్ర్యం లేదు. అయినా కాంగ్రెస్ అధ్యక్షుడిగా సుభాష్ చంద్రబోస్ దేశానికి పిలుపిచ్చాడు, చందాలు వసూలయ్యాయి, ఒక అంబులెన్సు కొన్నారు. ఐదుగురు డాక్టర్లు ముందుకొచ్చారు. అలహాబాద్ అటల్ అప్పటికే స్పెయిన్ యుద్ధంలో గాయపడ్డవాళ్లకు సేవచేసి వచ్చినవాడు. నాగపూర్ చోల్కర్ అందరికన్నా పెద్దవాడు. కలకత్తా నుంచి దేబేశ్ ముఖర్జీ, బిజయ్ కుమార్ బసు. ఐదోవాడు మన షోలాపూర్ కోట్నిస్. బొంబాయి సేఠ్ జీఎస్ మెడికల్ కాలేజీలో చదివి, పైచదువు పరీక్షకు సిద్ధమవుతున్నవాడు. ఆ పుస్తకాలు పక్కన పెట్టేసి బయల్దేరాడు. 1938 సెప్టెంబరు 1న బొంబాయి రేవులో ‘రాజ్‌పుతానా’ ఓడ కదిలింది. వీడ్కోలు చెప్పినవాళ్లలో మన హైదరాబాద్ సరోజినీ నాయుడు కూడా ఉన్నారు.

వాళ్లు యుద్ధం మధ్య ఊరూరూ దాటుకుంటూ 1939 ఫిబ్రవరిలో ఎర్రసేన స్థావరమైన యెనాన్ చేరారు. కొండల్లో తొలిచిన గుహలే అక్కడ ఆసుపత్రి. చైనా మిత్రులు ఐదుగురికీ చైనా పేర్లు పెట్టారు, కోట్నిస్ ‘కె దిహువా’ అయ్యాడు. తండ్రి పోయాడన్న కబురు చైనాలో ఉండగానే అందింది. ఇంటికి పొమ్మని తోటివాళ్లు చెప్పినా, ఒప్పుకున్న పని కాకుండా కదలనన్నాడు. చోల్కర్, ముఖర్జీ, ఆ తర్వాత అటల్ ఒకరొకరుగా వెనక్కి వచ్చారు. మిగిలింది ఇద్దరు, బసూ కోట్నిసూ. తర్వాత బసు యెనాన్‌లో పనిచేస్తే, కోట్నిస్ జపాన్ సేనల వెనుక ఉన్న కొండప్రాంతంలో పనిచేశాడు. ఒకసారి మూడు రాత్రులు మూడు పగళ్లు కన్ను మూయకుండా ఆపరేషన్లు చేశాడు. అక్కడే పనిచేస్తూ వేలు తెగి విషమెక్కి చనిపోయిన కెనడా సర్జన్ నార్మన్ బెత్యూన్ పేరిట ఉన్న ఆసుపత్రికి 1941లో మొదటి డైరెక్టరయ్యాడు. చైనా భాష పట్టుబట్టి నేర్చుకున్నాడు, అక్కడి విద్యార్థుల కోసం ఆ భాషలోనే సర్జరీ పాఠ్యపుస్తకం రాశాడు. నర్సులకు పాఠం చెప్పే గువో చింగ్లాన్‌ను పెళ్లాడాడు. 1942 ఆగస్టులో కొడుకు పుట్టాడు, డిసెంబరులో తండ్రి పోయాడు. రెండో పుస్తకం సగంలో ఆగింది. 1946లో శాంతారామ్ తీసిన హిందీ సినిమా ఈ కథను ఇంటింటికీ చేర్చింది. అందులో కోట్నిస్ వేషం కూడా ఆయనే వేశాడు. కోట్నిస్ సమాధి ఇప్పుడు షిజియాజువాంగ్ అమరవీరుల శ్మశానంలో ఉంది. అక్కడే బెత్యూన్ సమాధి కూడా ఉంది.

కోట్నిస్ సూదివైద్యుడు కాదు, కత్తిపట్టిన సర్జన్. ఆయన పోయిన మూడేళ్లకు, 1945లో, యెనాన్‌లో బెత్యూన్ పేరిటే ఉన్న మరో ఆసుపత్రిలో సూదివైద్యానికి ప్రత్యేక విభాగం తెరిచారు. మందుల్లేవు, మత్తు లేదు, దారులన్నీ మూసుకుపోయాయి. అలాంటప్పుడు పాశ్చాత్య వైద్యం చదివిన డాక్టర్లు పల్లె వైద్యుడి దగ్గర కూర్చుని సూది నేర్చుకున్నారు. ఈ ఒక్క సంగతి నాకెంతో ఇష్టం. బసు 1943లోనే ఇండియా వచ్చేశాడు. 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లినప్పుడు ఆ విద్య నేర్చుకుని 1959లో కలకత్తాలో చికిత్స మొదలుపెట్టాడు. మన దేశంలో ఆధునిక ఆక్యుపంక్చర్‌కు నాంది అదే. 1962 యుద్ధం తర్వాత చైనా పేరెత్తడమే కష్టమైన రోజులొచ్చాయి. బసు సూది కింద పెట్టలేదు. మిత్రుడి పేరిట ఏర్పడ్డ కోట్నిస్ స్మారక కమిటీ బెంగాల్‌లో పేదల కోసం చికిత్సాకేంద్రాలు నడిపింది.

ఆ తర్వాత కథ పలుదిక్కుల పోయింది. 1971లో అమెరికా విలేకరి జేమ్స్ రెస్టన్‌కు బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ అయింది. మత్తుమందు ఇచ్చే చేశారు. తర్వాత వచ్చిన కడుపునొప్పికి మాత్రం సూదులు వేశారు. ఆయన రాసిన వ్యాసంతో అమెరికా అంతా సూదుల మోజు పుట్టింది. ఆ దశాబ్దంలో చైనాలో పల్లెపల్లెకూ ‘చెప్పుల్లేని వైద్యులు’ భుజానికి మందుల సంచీతో, అందులో సూదులతో తిరుగుతున్నారు. మన జగిత్యాల, సిరిసిల్లల్లో అప్పుడు చైనా మాట వచ్చింది మరో దారిన. 1978 సెప్టెంబరు 7న మావో బాట పట్టిన రైతుకూలీల ఊరేగింపు ‘జగిత్యాల జైత్రయాత్ర’ జరిగింది, ఆ ఏడాదే ఈ రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రోజుల్లో చైనా అంటే జనానికి భూమి, జెండా.

పనిచేస్తుందా అంటే, కొంతవరకు. సూది గుచ్చితే ఒంట్లోనే నొప్పి తగ్గించే ఎండార్ఫిన్లు విడుదలవుతాయని 1970ల పరిశోధనలు చూపాయి. జర్మనీలో 1,162 మంది నడుమునొప్పి రోగుల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. మామూలు వైద్యంతో నూటికి 27 మందికి గుణమిస్తే, సూదులతో 48 మందికి ఇచ్చింది. అయితే బిందువులు కానిచోట పైపైన గుచ్చినా 44 మందికి తగ్గింది. శవాన్ని కోసి చూసినా, సూక్ష్మదర్శినిలో వెతికినా చీ పారే దారి కనబడలేదు. నా తీర్పు ఇదీ: పాత సిద్ధాంతాన్ని అక్షరాలా నమ్మనక్కర్లేదు, నొప్పి తగ్గిన మనిషి మాటను కొట్టిపారేయనూ అక్కర్లేదు.

చట్టం సంగతీ అలాగే తలోదారిగా ఉంది. పశ్చిమ బెంగాల్ 1996లోనే ప్రత్యేక చట్టం చేసింది, మహారాష్ట్ర తర్వాత చేసింది. కేంద్రం 2019లో దీన్ని స్వతంత్ర చికిత్సావిధానంగా గుర్తించింది. మన దగ్గర మాత్రం సూది పట్టినవాళ్లలో చదివినవాళ్లెవరో, నాలుగు రోజుల శిక్షణతో బోర్డు కట్టినవాళ్లెవరో మామూలు మనిషికి తెలిసే దారి లేదు. పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడే సిరిసిల్ల కార్మికుడికి, మెడ వంచి బీడీలు చుట్టే కోరుట్ల ఆడబిడ్డకు, గల్ఫ్‌లో బరువులు మోసి నడుము పట్టుకుని దిగిన జగిత్యాల అన్నకు నొప్పి నిజం, మందుగోలీలతో పాడయ్యే కడుపూ నిజమే. బీడీ కార్మికుల దవాఖానాల్లో అర్హత ఉన్న ఒక ఆక్యుపంక్చర్ నిపుణుణ్ని కూర్చోబెట్టడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు.

అప్పటిదాకా మీరు వెళ్లేచోట నాలుగు సంగతులు చూసుకోండి. సూది ప్యాకెట్ మీ కళ్లముందే విప్పాలి, వాడాక పారేయాలి. ఛాతీ మీద, వీపు మీద సూది వేసేవాళ్లకు ఊపిరితిత్తి ఎంత లోతులో ఉందో తెలిసి ఉండాలి. షుగర్, బీపీ గోలీలు ఆపమని ఎవరు చెప్పినా వినొద్దు. మూతి వంకరపోయి చెయ్యి పడిపోతే సూదుల దగ్గరికి కాదు, నేరుగా పెద్దాసుపత్రికి తీసుకుపోండి. మెదడులో నెత్తురుగడ్డను కరిగించే మందు సాధారణంగా పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లోనే.