కుట్లు పడిన తల

గొప్ప గోల్ అనగానే అందరూ 1986 మెక్సికోకి వెళ్తారు. మారడోనా తమ సగంలోనే బంతి అందుకుని, ఇంగ్లండ్ ఆటగాళ్లని ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయిన ఆ పది సెకన్లు. కాదనను, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ ఆ గోల్ మొత్తం అతని కాళ్లలోనే ఉంది. నా మనసు మాత్రం బంతి కదలకముందే మొదలైన ఒక గోల్ మీదకి పోతుంది.

1962 సెప్టెంబరు 4, జకార్తా. ఏషియన్ గేమ్స్ ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా. గ్రూప్ మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆటలకి రానివ్వకపోవడాన్ని మన జి.డి. సోంధీ తప్పుబట్టారని స్టేడియమంతా మన మీద మండిపడుతోంది.

అంతకుముందు థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అలాంటివాణ్ణి ఎవరైనా పక్కన కూర్చోబెడతారు. కోచ్ రహీమ్ సాబ్, హైదరాబాద్‌లో ఒకప్పుడు బడిపంతులు, అతన్ని ఏకంగా ఫార్వర్డ్‌గా దింపారు! సెమీస్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు. ఫైనల్లో 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ కొడితే, 20వ నిమిషంలో మళ్లీ జర్నైల్. ఆ క్షణాన అది అదనపు గోల్‌లాగే అనిపించి ఉంటుంది. చివర్లో కొరియా ఒకటి కొట్టింది. 2-1. అంటే స్వర్ణం తెచ్చింది ఆ రెండోదే.

తొమ్మిది నెలలకి, 1963 జూన్‌లో, రహీమ్ సాబ్ క్యాన్సర్‌తో పోయారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి మళ్లీ స్వర్ణం రాలేదు.