తొల్లి, తొల్లియల్

తమిళనాటి హొసూరు పేరులోనే క్రొత్తదనమున్నది. కన్నడమున ‘హొస’ యనగా క్రొత్త. అది హళగన్నడపు ‘పొస’కు పరిణామము. తమిళులు హకారమును విడిచి ‘ఓసూర్’ అని వ్రాయుదురు. మనవారు హోసూరనియు హొసూరనియు రెండు విధముల వ్రాయుచున్నారు. అక్షరము జారినంతమాత్రమున ఊరు మారదు గాని, ఆ పేరు ఏ భాషనుండి వచ్చినదో తెలుపు జాడ మాసిపోవును.

ఆర్కియాలజీ యను మాటకును ఇట్టి గతియే పట్టినది. గ్రీకున ‘అర్ఖాయొస్’ ప్రాచీనము, ‘లోగొస్’ కథనము. అందలి ‘ఆయ్’ ధ్వని లాటినునందు ఏ, ఈ అను జంటయక్షరములుగా నిలిచి, బ్రిటిషువారి వ్రాతలో నేటికిని కొనసాగుచుండగా, అమెరికాలో కొందరు మొదటిదానిని తొలగించి ఒంటి ‘ఈ’తోనే సరిపుచ్చుకొందురు. ప్లేటో నాటికి ఆ మాటకు త్రవ్వకములతో సంబంధమే లేదు; వీరుల వంశావళులను, పురములు వెలసిన వృత్తాంతములను చెప్పుటయే దాని యర్థము. ఒకటవ శతాబ్దమున జొసీఫస్ తన యూదుజాతి చరిత్రమునకు ఆ పేరే పెట్టెను.

ఈ తొలి యర్థము తలపునకు వచ్చినప్పుడెల్ల హొసూరున్న కృష్ణగిరి జిల్లాలోని మల్లచంద్రము గుట్టపై నిలిచిన రాతిగూళ్ళు నా మనసున మెదలును. నాలుగు ప్రక్కల బండలు నిలిపి, పైన మఱియొక బండ కప్పిన ఆ బృహచ్ఛిలాయుగపు సమాధులవంటివానిని తెలుగునాట పాండవుల గుళ్ళనియు రాకాసి గుళ్ళనియు పిలుతురు. ఆ పిలుపును అజ్ఞానమని త్రోసివేయుట న్యాయము కాదు; ప్లేటో యెఱిగిన యర్థమున అదియును ఆర్కియాలజీయే. కథ చెప్పలేని కాలమును మాత్రము మట్టి చెప్పవలసినదే: ఆ జిల్లాలోనే మయిలాడుంపాఱై త్రవ్వకములలో దొరికిన యినుము క్రీ.పూ. 2172 నాటిదని తమిళనాడు ప్రభుత్వము 2022లో ప్రకటించినది.

మనము పురావస్తుశాస్త్రమనుట వాడుక. అది వస్తువులయొద్దనే ఆగును. పురాతత్త్వమన్నచో లోతెక్కువ, కాని దానిని ‘తత్వ’మని వ్రాయుట నేడు పరిపాటియైనది. ‘తత్’పై ‘త్వ’ చేరి తత్త్వమగును గాన, ఒక తకారమును మ్రింగినచో ‘అది’ యను మాటయే అంగహీనమగును. వ్యుత్పత్తిని కాపాడు వ్రాతయే నాకు సమ్మతము.

తమిళులు ఈ శాస్త్రమును ‘తొల్లియల్’ అందురు. ‘తొల్’ అనగా ప్రాచీనము. మన ‘తొల్లి’యు ఆ ధాతువునకు చెందినదే. తొల్లి యొక రాజుండెనని అవ్వలు చెప్పు కథలు విని పెరిగిన హొసూరు తెలుగు బాలుడు, తమిళ బడిలో అక్షరములు నేర్చి, తొల్లియల్ శాఖవారు నాటిన పలకను కూడబలుకుకొని చదువునప్పుడు, మొదట వాని నోట పలుకునది తన యింటి మాటయే.