హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు (1888–89): గుండె ప్రమాదాన్ని అంచనా వేయడంలో ఒక పొరపాటు

గుండె లయ తప్పిన రోగికి కాథెటర్ అబ్లేషన్ చేయడానికి ముందు నేటి వైద్యులు వయసును, గుండె సామర్థ్యాన్ని, మూత్రపిండాల పనితీరును చూసి ఉపద్రవాల అవకాశాన్ని అంచనా వేస్తారు. ప్రమాదం ఏ రోగికి, ఏ దిక్కునుంచి వస్తుందన్న ఈ ప్రశ్నపైనే నిజాం రాజ్యంలో 1888–89లో క్లోరోఫాం వివాదం నడిచింది.

1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక కాలిగోరు తీసే చిన్న చికిత్సలో క్లోరోఫాంకు బలైంది. ఇటువంటి మరణాలకు గుండె ఆగడమే కారణమని కొందరు, శ్వాస ఆగడమే కారణమని కొందరు వాదించారు. శ్వాసను గమనిస్తే చాలునన్నది ఎడింబరోలో సైమ్ బోధన. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్. 1888 నాటి మొదటి కమిషన్ ఫలితాన్ని లాన్సెట్ పత్రిక అంగీకరించలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన 1000 పౌండ్లతో లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు. (ఈ పాలకుని పేరిటే 1890లో పాలమూరు మహబూబ్‌నగర్ అయింది, గట్టు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలు 2016 వరకు ఆ జిల్లాలోనివే.) రెండవ కమిషన్ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు 500కు పైగా జంతువులపై, ముఖ్యంగా కుక్కలపై, ప్రయోగాలు చేసింది. హైదరాబాద్ వైద్య విద్యాలయంలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా వీటిలో పాల్గొన్నది. శ్వాసే ముందు ఆగుతుందని, గుండెకు నేరుగా ముప్పు లేదని తేల్చారు. గుండెకూ ముప్పు ఉందని నమ్మి వచ్చిన బ్రంటన్ ఇక్కడ అభిప్రాయం మార్చుకున్నాడు.

లోపం కొలతల్లో కాక ప్రశ్నను అమర్చిన తీరులో ఉన్నది. జంతువులకు ప్రాణం పోయేంతగా మందు పట్టిస్తే శ్వాస ముందుగా ఆగడం సహజమే. మరి అతి తక్కువ మోతాదులోనే, చికిత్స మొదలు కాకముందే లేదా మొదలవగానే కుప్పకూలిన రోగుల మాటేమిటి? గ్రీనర్ మరణం ఆ కోవలోనిదే. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ ప్రయోగాలతో ఈ నిర్ణయాన్ని ఎదిరించినా లారీ వెనక్కు తగ్గలేదు. నాడి చూడనక్కరలేదన్న ఆయన బోధన కొనసాగింది. దాని బరువు మోసినది రోగులే.

1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాలు చిక్కు విప్పాయి. మత్తు తేలికగా ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే జఠరికలు లయ తప్పి కంపిస్తాయి, గుండె నిలిచిపోతుంది. భయంతో బల్ల ఎక్కిన రోగి దేహంలో ఆ అడ్రినలిన్ ముందే ఊరి ఉంటుంది. హైదరాబాదులో లోతైన మత్తులో మునిగిన కుక్కలలో ఈ స్థితి కనబడే అవకాశమే తక్కువ.