చంటిబిడ్డ – మత్తుసూది

చంటిబిడ్డకు నొప్పి తెలుస్తుందా? బెజవాడలోనో, అవనిగడ్డలోనో ఏ బాలింతను ఈ ప్రశ్న అడిగినా మన మొహం వంక వింతగా చూస్తుంది. ఆకలేడుపు వేరు, నొప్పి ఏడుపు వేరు అని పురిటిమంచం మీదే ఆమెకు తెలిసిపోతుంది. వైద్యశాస్త్రానికి తెలియడానికి మాత్రం చాలాకాలం పట్టిందండీ!

మత్తుమందు కథలో మన తెలుగునేలకూ భాగముంది. 1888, 1889లలో ఆరో నిజాం హయాంలో హైదరాబాదులో రెండు క్లోరోఫారమ్ కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి లండన్ నుంచి ‘లాన్సెట్’ పత్రిక లాడర్ బ్రంటన్‌ను పంపింది. మత్తులో ప్రాణం పోయేది గుండె ఆగినందువల్లనా, ఊపిరి ఆగినందువల్లనా అన్నది తగవు. ఊపిరినే కనిపెట్టి ఉండమన్నాడు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. గుండె కూడా హఠాత్తుగా ఆగుతుందని తరవాత తేలిందనుకోండి. కానీ చంటిపిల్లల దగ్గర ఊపిరి భయం ఈనాటికీ ఉంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు పూర్తి మత్తు ఇస్తే, ఆపరేషన్ అయిన కొన్ని గంటలకు కూడా ఊపిరి ఆగే ప్రమాదముంది.

అందుకే వెన్నులో సూది. 1898లో జర్మనీలో ఆగస్ట్ బియర్ మొదలుపెట్టిన ఈ పద్ధతిని 1909 నాటికే లండన్‌లో టిరెల్ గ్రే పసిపిల్లలకు వాడాడు. తరవాత అది మరుగునపడింది. 1984లో అమెరికాలోని వెర్మాంట్‌లో అబాజియాన్ బృందం మళ్ళీ వెలుగులోకి తెచ్చింది. పసిబిడ్డ వెన్నుపాము పెద్దవాళ్ళకన్నా కిందిదాకా ఉంటుంది. కాబట్టి సూది బాగా కిందుగా గుచ్చాలి. మందు పనిచేసేది గంట, గంటంబావు. హెర్నియా సరిచేయడానికి అది చాలు. నడుము కింద స్పర్శలేని బిడ్డ, పంచదార నీళ్ళు అద్దిన పీక చప్పరిస్తూ, తన ఊపిరి తానే తీసుకుంటూ ఉంటుంది.

విచిత్రమేమిటంటే, ఆ రోజుల్లో కూడా గొప్ప దేశాల్లో కొన్నిచోట్ల పసికందులకు కదలకుండా చేసే మందు ఇచ్చి, నొప్పికి సరైన మందు ఇవ్వకుండానే కోసేవాళ్ళు. నరాలింకా ముదరలేదు, నొప్పి గుర్తుండదు అని వాళ్ళ వాదన! కదలలేని బిడ్డ ఏడ్చి చెప్పనైనా లేదు కదా. మన దేశంలో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిన డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్, నొప్పిమందు అందిన బిడ్డలే ఆపరేషన్ తరవాత బాగా కోలుకున్నారని 1987లో అదే ‘లాన్సెట్’లో చూపించాడు.

పూర్తి మత్తంటే బెంగపడే తల్లులకు ఇంకో కబురు. హెర్నియాకు గంటలోపు పూర్తి మత్తు ఇచ్చిన పిల్లలకూ, వెన్నుసూది వంటివాటితో మెలకువగా ఉంచిన పిల్లలకూ ఐదేళ్ళ వయసులో తెలివితేటల్లో తేడా కనిపించలేదని 2019లో తేలింది. కనుక ఏ మత్తు అన్నది డాక్టరుగారు చూసుకుంటారు. బిడ్డ ఊపిరి ఎవరు కనిపెడతారు, నొప్పికి ఏమిస్తారు – ఈ రెండూ మాత్రం మీరు మొహమాటపడకుండా అడగండి.