సమ్మోహనం, మతిమరుపు, రెండు భాషల సీమ

రోగిని ఒక విధమైన నిద్రలోకి దించి వైద్యం చేసే పద్ధతి మన దేశపు ఆసుపత్రి గడప తొక్కింది 1845లో. బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే స్కాట్లండ్ వైద్యుడు మెస్మరిజంతో నొప్పి తెలియనీయకుండా శస్త్రచికిత్సలు చేశాడు. మరుసటి ఏడాదే బోస్టన్‌లో ఈథర్ మత్తు రుజువైంది. త్వరలోనే అది ఆ పద్ధతిని వెనక్కు నెట్టింది. దాని తర్వాతి రూపమైన హిప్నాటిజం తెలుగునాట చాలాకాలం వేదిక మీదనే బతికింది, ఇంద్రజాలికుడు బి.వి. పట్టాభిరామ్ ప్రదర్శనలతో, పుస్తకాలతో దాన్ని జనానికి దగ్గర చేశారు.

ముదిమిలో మతి తప్పడాన్ని (డిమెన్షియాను) మెదడు జబ్బుగా చూసే దృష్టికి అలాయిస్ అల్జీమర్ 1906 నాటి ప్రసంగం ఒక మలుపు. సుమారు నూరేళ్లకు లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన సైమన్ డఫ్, డిమెన్షియా నిపుణుడు డాన్ నైటింగేల్ కలిసి డిమెన్షియా రోగులపై హిప్నోథెరపీ ఫలితాలను ప్రకటించారు. ఒక బృందానికి హిప్నాసిస్, మరొకదానికి సామూహిక చర్చ, మూడోదానికి మామూలు సంరక్షణ. హిప్నాసిస్ పొందినవారిలో ఏకాగ్రత, ప్రశాంతత, రోజువారీ పనులపై ఆసక్తి మెరుగుపడ్డాయని వారు రాశారు. అది చిన్న బృందాలతో చేసిన అధ్యయనం. మెదడులో జరిగే క్షయం ఆగిందని అది చూపలేదు. అయినా, ఆందోళనతో రాత్రంతా ఇల్లంతా తిరిగే ముసలితల్లికి కాస్త కుదురు దొరకడం ఆ ఇంటివారికి చిన్న విషయం కాదు.

హిప్నోథెరపీ పూర్తిగా మాట మీద నడిచే వైద్యం. అనంతపురం పీఠభూమిలో చిక్కు అక్కడే ఉంది: రోగితో ఏ భాషలో మాట్లాడాలి? అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడివడింది. 1953లో బళ్ళారి మైసూరుకు పోతే రాయదుర్గం ఆంధ్రకు వచ్చింది. రాయదుర్గంలోనూ, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న మడకశిరలోనూ బడి మెట్లెక్కని వాళ్లు సైతం తెలుగు, కన్నడం రెండూ మాట్లాడతారు.

ఇలా రెండు భాషలు రావడంలోని విలువను మనకు తెలియజెప్పింది హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి. అక్కడ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు వచ్చినవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందని 2013లో ప్రచురించింది. చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. నా దృష్టిలో తెలుగు నేల డిమెన్షియా శాస్త్రానికి ఇచ్చిన అతి పెద్ద కానుక ఇదే.

అనంతపురంలో ఏటా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే వానతో శెనక్కాయ పంట చేతికి రాని ఏడు పిల్లలు బెంగళూరు దారి పడతారు. ఊళ్లో ముసలివాళ్లు మిగులుతారు. జ్ఞాపకం జారుతున్న సంగతిని మొదట పసిగట్టేది ఇంట్లో ఉండే కొడుకో కోడలో. వాళ్లే లేకపోతే అది చాదస్తం కింద కొట్టుకుపోతుంది. ఇక హిప్నోథెరపీలో కుదురు కోసం చెప్పే మాట పదేపదే వినిపించడానికి పక్కన మనిషి ఉండాలి. రోగి చిన్ననాడు తల్లితో తెలుగు మాట్లాడాడో కన్నడం మాట్లాడాడో చెప్పగలిగే మనిషీ ఉండాలి.