బోరబండ చప్పుళ్లు, కిల్లారి రాత్రి: భూకంపాలు రావనుకున్న నేల కథ

2024 డిసెంబర్ 4, పొద్దున 7 గంటల 27 నిమిషాలకి ములుగు జిల్లాలో భూమి కదిలింది. తీవ్రత 5.3. హైదరాబాద్, ఖమ్మం, విజయవాడ దాకా జనానికి తెలిసింది. కాసేపట్లోనే అందరి ఫోన్లలో ఒకటే మాట: "మన దగ్గర భూకంపాలేంటి?" అంతకు మూడు నెలల ముందు మేడారం అడవిలో గాలివానకి వేల చెట్లు కూలాయి కదా, ఆ రెండింటినీ ముడిపెట్టి వాట్సాప్‌లో తిరిగిన కథలు మీరూ చదివే ఉంటారు. గాలికీ దీనికీ సంబంధం లేదు, వదిలేద్దాం. నన్ను పట్టుకుంది మాత్రం జనం అడిగిన ఆ ప్రశ్న.

ఎందుకంటే 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. అదే గోదావరి లోయ. దానికి రెండేళ్ల ముందు, 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4. 1983లో హైదరాబాద్ పక్కనే మేడ్చల్‌లో ఒకటి. అంటే మన దగ్గర భూకంపాలు రాకపోవడం కాదు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఒక తరం గడిచిపోతోంది. చూసినవాళ్లు ముసలివాళ్లయ్యే లోపు మిగతావాళ్లం మర్చిపోతున్నాం.

గోదావరి లోయ సంగతే చూడండి. కోట్ల ఏళ్ల కిందట అక్కడ భూమి పగిలి, మధ్య భాగం కుంగిపోయింది. ఆ పల్లంలో పేరుకున్న అడవులే ఇవాళ సింగరేణి బొగ్గు. బొగ్గునిచ్చిన ఆ పగుళ్లు ఇంకా కిందే ఉన్నాయి. మన దేశం మోస్తున్న రాతి పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ ఆసియాని నెడుతోంది. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగదు, దక్కన్ దాకా ఉంటుంది. పాత పగులు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ కాస్త జారుతుంది.

ఇక బోరబండ. 2020 అక్టోబర్‌లో అక్కడ రాత్రుళ్లు కింద నుంచి బాంబు పేలినట్టు చప్పుళ్లు. జనం పిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీదకి వచ్చేశారు. ఉప్పల్ రోడ్డులో ఉన్న ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు వెళ్లి యంత్రాలు పెట్టి చూస్తే తీవ్రత 2 కూడా లేదు. మరి అంత చప్పుడెందుకు? అవి చాలా పైపైనే, గట్టి గ్రానైట్ రాతిలో వచ్చినవి. అలాంటి చోట కదలిక కన్నా ముందు శబ్దమే మనల్ని భయపెడుతుంది. భారీ వర్షాల నీరు రాతి పగుళ్లలోకి దిగి, లోపల ఒత్తిడి పెంచితే ఇలాంటివి వస్తాయని శాస్త్రవేత్తలు చెబుతారు. 1990లలో జూబ్లీహిల్స్‌లోనూ ఇలాంటివే వచ్చి, కొన్నాళ్లకి ఆగిపోయాయి. బోరబండలోనూ అంతే.

ఇక్కడితో ఆపేస్తే అందరం హాయిగా పడుకోవచ్చు. కానీ కిల్లారి గురించి చెప్పకపోతే ఈ కథలో సగమే చెప్పినట్టు.

కిల్లారి మహారాష్ట్రలో, లాతూర్ జిల్లాలో ఉంది. మన జహీరాబాద్ వైపు నుంచి చూస్తే బీదర్ దాటాక. నల్లరేగడి నేల, జొన్న చేలు, మన పల్లెల్లాంటి పల్లెలే. 1992లో అక్కడ వరసగా చిన్న చిన్న కంపాలు వచ్చాయి. పెద్దది అక్టోబర్‌లో, తీవ్రత 4 దగ్గర. తర్వాత తగ్గిపోయాయి. మరుసటి ఏడాది సెప్టెంబర్ 29న వినాయక నిమజ్జనం చేసుకుని, అలిసిపోయి అందరూ పడుకున్నారు. తెల్లవారితే 30వ తేదీ. 4 గంటలకి ఇంకా కొద్ది నిమిషాలుందనగా 6.2 తీవ్రతతో భూకంపం. దాదాపు 10,000 మంది చనిపోయారు. బోరబండలో వచ్చినవాటిని 2 అనుకున్నా, ఇది వాటికి 20 లక్షల రెట్ల శక్తి.

6.2 అనేది ప్రపంచ లెక్కల్లో మరీ పెద్ద భూకంపం కాదు. చంపింది ఇళ్లు. మట్టితో పేర్చిన లావు రాతి గోడలు, పైన కర్రల మీద అడుగు మందానికి మించిన మట్టి మిద్దె. ఎండాకాలం చల్లగా ఉంటుంది, నిజమే. వానకి కారినప్పుడల్లా ఇంకో పొర మట్టి పోస్తారు, బరువు పెరుగుతూనే ఉంటుంది. గోడ విచ్చుకుంటే ఆ మట్టంతా నిద్రపోతున్నవాళ్ల మీదే. ఇలాంటి మిద్దెలు రాయలసీమలో, తెలంగాణలో మనమూ చూస్తుంటాం.

అప్పటి అధికారిక మ్యాప్‌లో కిల్లారి ఉన్నది జోన్ 1లో. అంటే దేశంలో అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న చోటు. 2002లో మ్యాప్ మార్చినప్పుడు జోన్ 1ని పూర్తిగా తీసేసి జోన్ 2లో కలిపేశారు. 2002 మ్యాప్‌లో హైదరాబాద్ ఉన్నదీ ఆ జోన్ 2లోనే, భద్రాచలం వైపు జోన్ 3. తెలిసిన పాత భూకంపాలు చూసుకునే చాలావరకు ఆ గీతలు గీశారు. ఎవరికీ గుర్తులేనిది అందులోకి ఎలా వస్తుంది?

మరి బోరబండలాగా ఆగిపోయేవేవో, కిల్లారిలాగా పెరిగేవేవో ముందే తెలుస్తుందా? తెలియదు. చిన్న కంపాలు చాలావరకు ఆగిపోతాయి, అంతవరకే చెప్పగలం. రేపు ఫలానా టైమ్‌కి వస్తుందని ఎవరైనా ఫార్వర్డ్ పంపితే మాత్రం నమ్మకండి.

ఒక పని చేయండి. మీ ఇంట్లో తాతయ్యనో నాయనమ్మనో 1969 గురించి, 1993 గురించి అడగండి. ఏ ఊళ్లో ఉన్నారు, గిన్నెలు కదిలాయా, బయటికి పరిగెత్తారా అని. వాళ్లు చెప్పింది కామెంట్స్‌లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ఉంటాను మరి.