ఎడమ చేతి క్లచ్, ఎడమ పక్క డబ్బా

మా కోటాకి రైలెక్కాలంటే టికెట్టు కరగీ రోడ్ అని అడగాలి. ఉత్త కోటా అంటే కౌంటర్లో కుర్రాడు రాజస్థాన్‌కి కొట్టేయగలడు. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1891 నాటికి బిలాస్‌పూర్ నుంచి కట్నీకి వేసిన లైన్లో ఉంది మా స్టేషను. వాల్తేరు వైపు బళ్లూ ఆ కంపెనీవే కాబట్టి విజయనగరం, శ్రీకాకుళం మనుషులు ఉద్యోగాల కోసం బిలాస్‌పూర్ చేరారు. 1931లో విజయనగరం నుంచి రాయపూర్‌కి లైను పూర్తయ్యాక రాకపోకలు ఇంకా తేలికయ్యాయి. మా తాత అలా వచ్చినవాడే. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. నేను రైల్వే పరీక్షల జోలికి పోకుండా స్కూటర్ల పని పట్టుకుని కోటా వచ్చి పడ్డాను.

నా చిన్నప్పుడు స్కూటరంటే బజాజ్. 1972లో వచ్చిన చేతక్‌కి డబ్బు కట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూసేవారు. ఆ బండి 'లాగట్లేదు' అంటే కారణం సగం యజమానికే తెలిసేది. క్లచ్చు, గేర్లు రెండూ ఎడమ చేతిలోనే కదా! కేబుల్ బిగిసిందో వదులైందో అరచేయే చెప్పేది. టాప్ గేర్లో మెల్లగా పోతూ ఒక్కసారి రేజ్ ఇస్తే, ఇంజను అరిచి బండి కదలకపోతే క్లచ్ జారుతున్నట్టే. నూనెలో మునిగి ఉండే కార్కు ప్లేట్లు అరిగాయని అర్థం. ఇంజనే గొంతెత్తకపోతే మాత్రం సైలెన్సర్ చూడాలి. పెట్రోల్లో కలిపే టూ-టీ ఆయిల్ మసి లోపల గడ్డకట్టి పొగ దారి మూసేసేది. సైలెన్సర్ విప్పి, కట్టెల మంటలో ఎర్రగా కాల్చి, తీగతో గోకితే నల్లటి పెచ్చులు రాలేవి. ఆ కంపు వీధంతా. పక్కింటావిడ బట్టలు ఆరేసిందో లేదో చూసుకుని మరీ మంట వేసేవాళ్లం.

1984లో కైనెటిక్ హోండా వచ్చి ఇదంతా తిరగేసింది. గేర్లు లేవు, బటన్ నొక్కితే స్టార్టు, ఆయిల్‌కి వేరే ట్యాంకు. ఎడమ చేతికి క్లచ్ బదులు బ్రేకు మిగిలింది. మెకానిక్కుల చరిత్ర రాస్తే ఆక్టివా కంటే ముందు ఈ బండికే పెద్ద పేజీ ఇవ్వాలని నా పట్టుదల. రేజ్ ఇస్తే ముందు పుల్లీలోని రోలర్లు బయటికి జరిగి బెల్టుని పైకి నెడతాయి. వెనక క్లచ్ షూలు గిర్రున తిరుగుతూ విచ్చుకుని బెల్ గిన్నెని పట్టుకుంటాయి. అంతా ఎడమ పక్క డబ్బాలో మూసుకుపోయింది. నడిపేవాడికి తెలిసేది ఒక్కటే: 'పికప్ నహీ హై, ఉస్తాద్.'

డబ్బా మూత తీస్తే ముందు బెల్టు పొడి, నల్లగా, కాటుకలా. దాన్ని ఊదొద్దు, కళ్లల్లో పడుతుంది. ఇంజను అరుస్తూ బండి ఆలస్యంగా కదులుతుంటే నేను వెనక గిన్నె తీస్తాను. లోపలి అంచున నీలం చార ఉంటే జారి జారి కాగిందన్నమాట. షూ మీది లైనింగ్ అద్దంలా మెరుస్తుంటే గరుకు కాగితంతో రుద్దితే కొన్నాళ్లు నడుస్తుంది. అరిగి పల్చబడితే మాత్రం మార్చాలి, ఎందుకంటే గిన్నె దాకా చేరడానికి దూరం పెరిగింది. ఆయిల్ సీల్ కారి షూలు తడిసినా ఇదే జబ్బు. షూ స్ప్రింగులు మరీ గట్టివి వేసినా అంతే, ఇంజను బాగా తిరిగితే గాని విచ్చుకోవు. కదిలాక స్పీడు పుంజుకోకపోతే ముందు పుల్లీ విప్పాలి. రోలరు గుండ్రంగా దొర్లాలి, ఒక పక్క చదునైతే ఒకచోటే ఇరుక్కుంటుంది. బెల్టు అరిగి సన్నబడితే టాప్ స్పీడు పడిపోతుంది.

మా ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రంగా 2000లో వచ్చింది. ఆ రోజుల్లోనే ఆక్టివా కూడా. ఫోర్ స్ట్రోక్ కావడంతో సైలెన్సర్ మంటలు ఆరిపోయాయి, పక్కింటావిడకి పీడ వదిలింది. 2006లో ఇక్కడ సీవీ రామన్ యూనివర్సిటీ పెట్టాక కుర్రకారు బళ్లు పెరిగాయి. వాళ్లడిగేది తేలిక రోలర్లు. వేస్తే ఇంజను ముందే గొంతెత్తుతుంది, సిగ్నల్ దగ్గర దూకుడుగా ఉంటుంది, పెట్రోలూ అలాగే తాగుతుంది. వద్దంటే వినరు.

నాకు నచ్చనిది, డబ్బా విప్పకుండానే 'ఫుల్ సెట్టు మార్చాలి' అనడం. బెల్టు వెడల్పు కొలవడానికి వెర్నియర్ చాలు. నాన్న షెడ్డులో వాడిన రకమే నా బల్ల మీదా ఉంది. ముందు కొలుస్తాను, తర్వాత ధర చెబుతాను. అందుకే నా దగ్గర పని ఓ గంట ఎక్కువ పడుతుంది.